ఆవు ధర 40 కోట్లు సరే, మేపినోడి ధర ఎంత?



మేము తోటపల్లి గూడూరు మండలం నుంచి వచ్చి నెల్లూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న యానాది పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇది పొడుగు పోస్టు. ఓపిక చేసుకొని ఆఖరుదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

"నెల్లూరు ఆవు 40 కోట్లు, తెలుగోడి గర్వం" అని ఒక తెల్లావు ఫోటో మళ్లీ మళ్లీ తిరుగుతా ఉంది. మన గ్రూపులోకి కూడా వచ్చింది. కింద దండాలు, జెండాలు, పిడికిళ్లు. మేము లైకు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు ఆ ఆవు సంగతి సరిగ్గా తెలుసుకుందాం. దాని పేరు వియాటినా-19. అది ఉండేది బ్రెజిల్లో. 2023 జూన్‌లో అక్కడ జరిగిన వేలంలో దాని మీద మూడో వంతు హక్కు మాత్రమే అమ్మారు. ఆ మూడో వంతుకి దాదాపు 70 లక్షల రియాల్స్ పలికింది. దాన్ని మూడుతో గుణిస్తే ఆవు మొత్తం విలువ 2 కోట్ల 10 లక్షల రియాల్స్, అంటే 43 లక్షల డాలర్ల పైన. దాన్నే మన పేపర్లు, ఛానళ్లు రూపాయల్లోకి మార్చి 40 కోట్లు అని రాశాయి. వేలంలో అంత విలువ కట్టిన ఆవు ఇంకోటి లేదని గిన్నిస్ వాళ్లు రికార్డు ఇచ్చారు. అంతేగానీ 40 కోట్లు సంచిలో పోసి ఎవరూ ఆవుని తోలుకుపోలేదు.

జాతి మాత్రం మనదే. ఒంగోలు జాతి. గుంటూరు జిల్లా పెట్టిన 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే బ్రెజిల్ వాళ్ల నోట్లో అది 'నెలోరే' అయింది. పందొమ్మిదో శతాబ్దం నుంచి ఓడల్లో ఎక్కించుకుపోయారు. 1960ల మొదట్లో పెద్ద ఎత్తున ఆఖరిసారి తీసుకుపోయారు. అందులో ఒక కోడె ఒంగోలు పక్కన కరవది ఊరిది. ఆ ఊరి పేరే దానికి పెట్టుకున్నారు. ఇయ్యాల బ్రెజిల్ గొడ్లలో ఎక్కువ భాగం ఈ రక్తమే.

పేరు మనది, డబ్బు వాళ్లది. ఇక్కడ ఆ జాతిని తరాల తరబడి కాపాడిన రైతుకి అందులో పైసా రాదు. ఆ రైతు గొడ్లని మేపినోడికి పేరు కూడా రాదు. చచ్చిన బర్రెకి పాలెక్కువ అన్నట్టు, ఓడెక్కి పోయిన ఆవుకి గర్వమెక్కువ.

ఇప్పుడు మన సంతకి వద్దాం. మనలో పశువుల సంత చూడనోళ్లు తక్కువ. కాకపోతే మనం పోయేది అమ్మడానికో కొనడానికో కాదు, తోలడానికి. గొడ్డుకి నీళ్లు పెట్టేది, ఒళ్లు కడిగేది, కొమ్ములకి నూనె రాసేది, ట్రాలీ ఆటోలో వెనక నిలబడి పలుపు పట్టుకునేది మనోళ్లే. బేరం మాత్రం ఆసామికీ, కొనేవాడికీ, మధ్యలో దళారికీ. తువాలు కప్పి దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఏ వేలు ఎంతో వాళ్లకే తెలుసు. కొనేవాడు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, పొదుగు పట్టి చూస్తాడు, నడిపించి చూస్తాడు. ఎన్నో ఈత, పూటకి ఎన్ని లీటర్లు, తన్నుద్దా అని అడుగుతాడు. ఆ జవాబులన్నీ తెలిసింది మనోడికి, చెప్పేది ఆసామి. బేరం తెగినాక మనోడి చేతిలో టీ డబ్బులు పడతాయి. ఆశీలు రసీదులో అమ్మినోడు, కొన్నోడు ఉంటారు. మేపినోడు ఉండడు.

పాలికి తీసుకొని మేపిన దూడ అయినా అంతే. సగం మనదని నోటి మాట. ఎంతకి పోయిందో ఆసామి చెప్పిందే లెక్క. అందులో మందులు, తవుడు, పాత బాకీ తీసేసి మిగిలిన దాంట్లో సగం. ఆ లెక్క కాగితం మీద మేము ఎప్పుడూ చూడలేదు. మా నాయనలు కూడా చూడలేదు.

మాలో ఎకనామిక్స్ చదివేవాళ్లం ఉన్నాం. క్లాసులో గిరాకీ ఒక గీత, సరఫరా ఒక గీత, రెండూ కలిసిన చోట ధర అని నేర్పుతారు. సంతలో చూస్తే ఇంకో సంగతి కూడా ఉంది. గొడ్డు ధర గొడ్డులో లేదు. అమ్మేవాడు సాయంత్రానికి దాన్ని వెనక్కి ఇంటికి తోలుకుపోగలడా లేడా, ధర అందులో ఉంది. "ఈ రేటుకి ఇవ్వను, వచ్చేవారం చూస్తా" అనగలిగినోడికి దళారి కూడా మర్యాద ఇస్తాడు. రేపు ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సినోడి మొహం చూస్తే దళారికి తెలిసిపోద్ది. వాడు వేలు కూడా పట్టుకోడు, నోటితోనే రేటు చెప్పేస్తాడు.

మా కాలనీలో ఒక పెద్దాయన భార్య ఆపరేషన్ కోసం చూడి బర్రెని 38 వేలకి ఇచ్చేశాడు. కొన్నాయన మూడు వారాలు మేపి, ఈనినాక 70 వేలకి అమ్మాడు. బర్రె అదే, కొమ్ములు అవే. దూడ ఆయన ఇంట్లో ఉన్నప్పుడే కడుపులో ఉంది. మూడు వారాలు ఆగే శక్తి ఉన్నోడికి 32 వేలు మిగిలాయి, ఆగలేనోడు అవి పోగొట్టుకున్నాడు. తుఫాను వారంలోనో, గడ్డి దొరకని ఎండాకాలంలోనో సంతకి పోయి చూడండి. అమ్మేవాళ్లంతా ఆగలేనోళ్లే. ఆ రోజు రేట్లు ఎవరు పెడతారో చెప్పక్కర్లేదు.

మనిషి కష్టానికి ధర కూడా ఇట్టాగే కడతారు.

రొయ్యల గుంట కాపలాకి, బాతులు మేపడానికి, గొర్రెలు కాయడానికి మనోళ్లు కుదిరేది నెల జీతం మాట్లాడుకొని కాదు, అడ్వాన్సు తీసుకొని. పెళ్లికో, చావుకో, జబ్బుకో పది వేలు, ఇరవై వేలు. అది తీసుకున్న రోజే మనం తాడు వాడి చేతికిచ్చినట్టు. ఇంక రేటు మనం అడగలేం, నచ్చకపోతే ఇంటికి పోలేం.

2025 మే నెలలో వచ్చిన వార్త మీకు గుర్తుండే ఉంటది. తిరుపతి జిల్లా సత్యవేడు వైపు మన యానాది కుటుంబం. బాతులు మేపించే ఆసామి దగ్గర అప్పు 25 వేలు. భర్త చనిపోయినా ఆ అప్పు చూపించి ఆ తల్లినీ, ముగ్గురు బిడ్డల్నీ వదల్లేదు. పోతామంటే వడ్డీతో 45 వేలు కట్టమన్నారు. డబ్బు తెచ్చేదాకా తొమ్మిదేళ్ల కొడుకుని తాకట్టు పెట్టించుకున్నారు. తల్లి డబ్బు కూడబెట్టుకొని బిడ్డని తెచ్చుకుంటానంటే, అక్కడున్నాడు ఇక్కడున్నాడు అని చెప్పారు. ఆమె పోలీసుల దగ్గరికి పోయింది. తమిళనాడులో కాంచీపురం దగ్గర పూడ్చిపెట్టిన బిడ్డ శవాన్ని బయటికి తీశారు.

ఆ 25 వేలకి లెక్క వేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26కి ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. 25 వేలు అంటే ఒక మనిషికి 82 రోజుల కూలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ చేస్తే 41 రోజులు. ఆ కుటుంబం దాదాపు ఏడాది పాటు రాత్రీ పగలూ బాతుల వెంట తిరిగింది. ఏడాది చాకిరీ చేసినా 41 రోజుల కూలంత అప్పు తీరలేదంటే అది అప్పు కాదు, పలుపు.

బ్రెజిల్ ఆవు మూడో వంతుకి 70 లక్షల రియాల్స్. మన బిడ్డ తాకట్టు 45 వేల రూపాయలు. ఈ రెండు వార్తలూ ఒకే ఏడాది మన ఫోన్లలోకి వచ్చాయి. ఏది ఎంతమంది షేర్ చేశారో మీరే చెప్పండి.

ఆ ఆవుకి అంత ధర ఎట్టా వచ్చింది? అందం వల్ల ఒక్కటే కాదు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు అని తరాల కాగితం ఉంది. బరువు ఎంత, బిడ్డలు ఎట్టా ఉన్నాయి అని ప్రతి లెక్కా పుస్తకంలో ఉంది. వేలం తువాలు కింద కాదు, అందరి ముందర జరిగింది. అమ్మినోడికి ఆకలి లేదు, మూడో వంతు అమ్మి మిగతాది ఉంచుకోగలిగాడు. కాగితం, బహిరంగ బేరం, ఆగగలిగే శక్తి. ఈ మూడూ ఉంటే గొడ్డుకైనా విలువ వస్తది. ఈ మూడూ లేకపోతే మనిషికైనా రాదు.

కాగితం అంటే మన కథ ఇంకోటి. తెల్లోళ్ల కాలంలో యానాదుల్లో కొందరి పేర్లు కూడా ఒక పుస్తకంలో రాశారు. నేరస్తుల జాతుల చట్టం కింద పోలీసులు హాజరు వేసే పుస్తకం. ఆ చట్టం 1952లో పోయింది. ఇప్పుడు గొడ్డు చెవికి పసుపు బిళ్ల వేస్తున్నారు, దాని మీద 12 అంకెల నంబరు. డాక్టరు ఇంటికొచ్చి మరీ వేస్తాడు. మంచిదే, వేయాలి. ఆధార్‌కి కూడా 12 అంకెలే. గుంటల గట్ల మీద పుట్టి గట్ల మీదే పెరిగిన మన పిల్లల్లో ఆ 12 అంకెలు లేనోళ్లు ఇంకా ఉన్నారు. కాసే బర్రెకి నంబరుంది, కాసే పిల్లోడికి లేదు.

కొందరు అంటారు, "ఆవు గురించి మంచి మాట వస్తే అందులో కూడా కులం, కూలి తెస్తారేంది?" అని. మేము తేలేదు. పలుపు పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉంది. ఫోటోలో కత్తిరించేశారు, అంతే.

ఇంకొందరు అంటారు, "గవర్నమెంటు గొర్రెలిస్తే అమ్ముకుంటారు, బర్రెలిస్తే అమ్ముకుంటారు, మీరు బాగుపడరు" అని. ఈ మాట ఆఫీసుల్లో విన్నాం, బస్సుల్లో విన్నాం, చదువుకున్నోళ్ల నోట కూడా విన్నాం. దీనికి జవాబు గట్టిగా చెప్పాలి. బర్రెనిచ్చారు, మేపడానికి సెంటు భూమి ఇచ్చారా? మా తాతల కాలంలో గొడ్లు మేసిన పోరంబోకులు మా వైపు చాలావరకు రొయ్యల గుంటలైపోయాయి. గట్టు మీద గడ్డి కోస్తే గుంట ఆసామి కేకలేస్తాడు. గడ్డి కొనాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే బర్రె పాలివ్వాలి, పాలివ్వాలంటే గడ్డి కావాలి. ఇట్టాంటప్పుడు బర్రెని అమ్మేస్తే అది సోమరితనమా? ఆ బర్రెని తక్కువకి కొన్నదెవరో ఎవరూ అడగరు. అమ్మినోడిదే తప్పు, కొన్నోడిది తెలివి. ఈ న్యాయం మాకొద్దు.

మరి ఏం చేయాలి? గర్వం పోస్టుల బదులు మనం ఈ ఐదు పనులు చేద్దాం.

ఒకటి. సెలవులకి ఇంటికి పోయిన ప్రతి ఒక్కరూ మీ కాలనీలో ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం లేనోళ్ల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాయండి. అర్జీలు మనమే రాసి, సచివాలయానికి పదిమంది కలిసి పోదాం.

రెండు. ఎవరు ఎవరి దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎన్ని నెలలు చేశారు, ఎంత ఇచ్చారు, ఇది కూడా రాయండి. 307తో గుణించి చూపించండి. మా ఇంట్లో చూపిస్తే మా అమ్మలు కాసేపు మాట్లాడలేదు.

మూడు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం గురించి ఇంటింటికీ చెప్పండి. అప్పు పేరుతో మనిషిని కట్టేస్తే ఆ అప్పు చెల్లదు, తీర్చక్కర్లేదు. కట్టేసినోడికి మూడేళ్ల దాకా జైలు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా అది నేరమే. అర్జీ ఆర్డీవోకో కలెక్టరుకో పెట్టాలి, విడుదల పత్రం అడిగి తీసుకోవాలి. బిడ్డలు చిక్కుకుంటే 1098కి ఫోన్ చేయండి.

నాలుగు. గొడ్డు అమ్మాల్సి వస్తే ఒక్కరూ పోవద్దు. చదువుకున్న పిల్లోడు ఒకడు పక్కన ఉండాలి. ముందువారం పోయి రేట్లు కనుక్కోవాలి. తువాలు కింద బేరం వద్దు, నోటితో చెప్పమనాలి. పాలి దూడకైతే ముందే కాగితం రాయించుకోవాలి, ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఐదు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. కాలనీకో చిన్న డబ్బా పెడదాం. నెలకి ఇంటికి యాభై రూపాయలు. నలభై ఇళ్లుంటే ఏడాదికి 24 వేలు. ఇంచుమించు ఆ తల్లిని కట్టేసినంత డబ్బు. మన దగ్గర ఆ డబ్బా ఉంటే రేపు ఇంకో తల్లి ఆసామి దగ్గరికి పోదు, మన దగ్గరికి వస్తది. మూడు వారాలు ఆగగలిగితే బర్రెకి 32 వేలు ఎక్కువ వచ్చాయని పైన చెప్పాం. ఆ ఆగగలిగే శక్తి మనకి ఎవరూ ఇవ్వరు, మనం కూడబెట్టుకోవాలి.

ఆవు మీద మాకు కోపం లేదు. దాన్ని మా నాయనలు, తాతలు ప్రేమగానే మేపారు. బ్రెజిల్లో దానికి 40 కోట్లు కాదు, 400 కోట్లు రానీ. మేము అడిగేది ఒకటే. నచ్చని బేరం దగ్గర్నించి లేచి, మా బిడ్డ చెయ్యి పట్టుకొని ఇంటికి నడిచిపోయే హక్కు.

మీ కాలనీలో డబ్బా ఎప్పుడు పెడతారో కింద కామెంట్లో రాయండి. దండాలు వద్దు, తేదీలు రాయండి.

తోటపల్లి గూడూరు మండలం, హాస్టల్ పిల్లలం