సీపీయూ లొల్లి పెడుతోందని వైరు పీకకండి

ఎండలు ముదిరితే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. కంప్యూటర్ ఆన్ చేస్తే పిండిగిర్నీ నడిచినట్టే ఉంది, ఏం చేయాలి అని. మొన్న మర్రిగూడ నుంచి మా బావ చేశాడు. మండల కేంద్రంలో ఆయనది చిన్న ఆన్‌లైన్ సెంటర్. రేకుల గది, ఒక పాత డెస్క్‌టాప్, ప్రింటర్, జిరాక్స్ మిషన్.

"బావా, దీని లొల్లికి కస్టమర్ చెప్పే ఆధార్ నంబర్ గూడ వినబడ్తలేదు. వెనక ఫ్యాన్ వైరు పీకేసిన, జర నిమ్మలమైంది. ముందరిది గూడ పీకేయాల్నా?"

"ముందరిది ముట్టకు. పీకింది గూడ మళ్ల పెట్టు" అన్నాను. ఆ రోజు ఏదో దరఖాస్తుకు ఆఖరి తారీఖట. బయట పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అలాంటి రోజున ఫ్యాన్ ఆపితే ఏమవుతుందో చెప్తా.

మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనే అంటాం. నేనూ అదే అంటా. దాని లోపల అసలు ప్రాసెసర్ అగ్గిపెట్టె అంత ఉంటుంది. వేడి దాని హద్దు దాటబోతుంటే, చాలా ప్రాసెసర్లలో అది 100 డిగ్రీల దగ్గర, తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. పేజీ తిరుగుతూనే ఉంటుంది, ఫొటో అప్‌లోడ్ కాదు. మనం 'సర్వర్ డౌన్' అనుకుంటాం. ఊళ్లో సర్వర్ మీద పడే నిందల్లో కొన్ని ఈ లెక్కలోవే. అప్పటికీ వేడి తగ్గకపోతే కంప్యూటర్ టప్పున ఆగిపోతుంది. ఫీజు కట్టే పేజీలో ఉండగా ఆగిపోయిందనుకోండి, డబ్బులు కట్ అయ్యాయో లేదో తెలియక ఆ పిల్లాడు పడే టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు.

ఫ్యాన్ చప్పుడంటే చిరాకు మనకే కాదు. 1980లో ఆపిల్ కంపెనీ 'ఆపిల్ త్రీ' అనే కంప్యూటర్ తెచ్చింది. స్టీవ్ జాబ్స్‌కి ఫ్యాన్ చప్పుడు పడదు, అందుకే అందులో ఫ్యానే పెట్టలేదు. వేడికి లోపలి చిప్పులు తమ గూళ్లలోంచి కదిలిపోయేవి. కంప్యూటర్‌ను రెండు మూడు అంగుళాలు పైకెత్తి కింద పడేయండి, చిప్పులు మళ్లీ కూర్చుంటాయి అని కస్టమర్లకు సలహా ఇచ్చారట. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టింది. మన రేకుల గది ఎంత?

ఇంకో సంగతి. ఫ్యాన్ ఏసీ కాదు. గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది. బయట 43 ఉంటే రేకుల కింద అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఏ ఫ్యాన్ అయినా ప్రాసెసర్‌ని ఆ గాలి కన్నా చల్లగా చేయలేదు. కాబట్టి డిసెంబర్‌లో చప్పుడు లేకుండా నడిచిన డబ్బా ఏప్రిల్‌లో 'హో' అని మోత పెడితే కంగారు పడకండి, అది దాని పని అది చేస్తోంది. పోయిన ఎండాకాలం లేని మోత ఈ ఎండాకాలం వస్తే మాత్రం లోపల ఏదో ఉంది.

ఏముందో చెవే చెప్తుంది. పక్క రేకు విప్పి, ఒక పేపర్‌ని గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి, ఇంకో కొస ఒక్కో ఫ్యాన్ దగ్గరికి పెట్టండి, రెక్కలకు తగలకుండా. లేదా ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఒక్కో ఫ్యాన్ దగ్గర పది సెకన్లు పట్టండి. చున్నీ, జడ, చేతి దారాలు దూరం. 'హో' మని గాలి మోత అయితే ఫ్యాన్ స్పీడుగా తిరుగుతోంది, అంటే లోపల వేడి. గరగర, కీచుమని వస్తే బేరింగ్ అరిగింది. టకటక అంటే చాలావరకు ఏదో వైరు రెక్కకు తగులుతోంది, రెండు నిమిషాల పని. డబ్బా మీద చెయ్యి పెట్టి నొక్కగానే చప్పుడు ఆగిపోతే స్క్రూలు లూజు. 'కటక్... కటక్' అని ఆగి ఆగి వస్తే అది ఫ్యాన్ కాదు, హార్డ్ డిస్క్. అప్పుడు ఇది చదవడం ఆపి ముందు మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

మా బావది మొదటి రకం, 'హో'. వీడియో కాల్‌లో చూపించమన్నా. ప్రాసెసర్ మీద ఫ్యాన్, దాని కింద పలకలు పలకలుగా అల్యూమినియం దిమ్మె, హీట్ సింక్ అంటారు. ఫ్యాన్ తీసి చూస్తే కింద పలకలే కనబడలేదు. బొంత పరిచినట్టు ఉంది. ఊళ్లో ఎర్రదుమ్ముకి పత్తి నూగు తోడైతే అంతే మరి. పత్తి ఏరే రోజుల్లో నూగు గాల్లో తేలుతుంది, ఫ్యాన్ దాన్ని లోపలికి లాగుతుంది, ఆ నూగుకు దుమ్ము పట్టుకుంటుంది. దీనికి తోడు ఆయన కూలర్‌ని సరిగ్గా సీపీయూ పక్కనే పెట్టాడు. తడిగాలి తగిలి దుమ్ము జిగటగా అయింది. పైనుంచి బ్లోయర్ కొడితే ఇది పోదు. ఫ్యాన్ విప్పి బొంతను వేళ్లతో లాగేయాల్సిందే.

కరెంటు ప్లగ్గు పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత డబ్బాను బయటికి తీసుకొచ్చి కొత్త పెయింట్ బ్రష్‌తో దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కల్ని వేలితో ఆపి పట్టండి. లేకపోతే అది బొంగరంలా తిరిగి బేరింగ్ పోతుంది. చాలామంది సీపీయూని బండి మీద పెట్టుకుని పంక్చర్ షాపుకి తీసుకెళ్లి గాలి కొట్టిస్తారు. దయచేసి వద్దు. ఆ గాలిలో నీటి తుంపర, కంప్రెసర్ నూనె కూడా వస్తాయి, ప్రెషర్ కూడా ఎక్కువ.

హీట్ సింక్‌నే ఊడదీస్తే కింద థర్మల్ పేస్ట్ ఉంటుంది. పాతది ఎండి సుద్దలా అయి ఉంటుంది. తుడిచేసి కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు. పూరీకి నూనె పూసినట్టు పూయక్కర్లేదు. ట్యూబు దొరక్కపోతే ఆ రోజు హీట్ సింక్ జోలికి పోవద్దు, ఫ్యాన్ మాత్రం విప్పి దులపండి. మా బావ అంతే చేశాడు, వెనక ఫ్యాన్ వైరు కూడా మళ్లీ పెట్టాడు. అదే గది, అదే ఎండ, తొంభై దాటిన వేడి డెబ్బైల్లోకి దిగింది. మోత కూడా దిగింది. ఇవన్నీ చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

దసరాకి కంప్యూటర్‌కి బొట్టు పెట్టి దండం పెడతాం కదా, అది మంచిదే. దులపడానికి మాత్రం పత్తి పనులు అయిపోయాక, ఎండలు ముదరకముందు, శివరాత్రి ప్రాంతంలో ఒక రోజు పెట్టుకోండి. నడుస్తున్న సీపీయూ మీద తువ్వాలు కప్పే అలవాటు ఉంటే మానేయండి.

దులిపాక కూడా మోత ఉంటే బయోస్‌లోకి వెళ్లండి. ఫ్యాన్ సెట్టింగ్స్ ఉంటాయి. ఇక్కడ ఒక లెక్క మనకు కలిసొస్తుంది. ఫ్యాన్ వేగం సగం చేస్తే గాలి కూడా సగమే వస్తుంది, కానీ చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది. అందుకే కొంచెం వేగం తగ్గించినా చాలా హాయి. 50 డిగ్రీల దాకా నెమ్మదిగా, 80కి వచ్చేసరికి ఫుల్ స్పీడు అని పెట్టండి. వైరుకి నాలుగు పిన్నులుంటే పీడబ్ల్యూఎం, మూడుంటే డీసీ మోడ్ ఎంచుకోవాలి. తప్పు మోడ్‌లో పెడితే మూడు పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే ఉంటుంది.

గరగర రకానికి బయోస్ ఏమీ చేయదు. కొందరు స్టిక్కర్ లేపి కొబ్బరినూనె వేస్తారు. ఎండాకాలం బాగానే ఉంటుంది, చలికాలం పొద్దున 24 డిగ్రీల కిందికి పోగానే అది గడ్డకడుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే కొన్నాళ్లు గడుస్తుంది. అది కొత్త ఫ్యాన్ వచ్చేదాకే.

కొత్తది కొనేటప్పుడు మీ డబ్బాలో పట్టినంతలో పెద్ద ఫ్యాన్ తీసుకోండి. 80 ఎంఎం ఫ్యాన్ గిరగిరా తిరిగి తోసే గాలిని 120 ఎంఎం ఫ్యాన్ తాపీగా తిరుగుతూనే తోస్తుంది. ఫ్లూయిడ్ బేరింగ్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా గోధుమరంగు ఫ్యాన్ల గురించి యూట్యూబ్‌లో చూసి మనసు పారేసుకుంటారు. నిజంగా మంచివే, కానీ పాత డెస్క్‌టాప్‌కి ఆ ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

బొంత వదిలాక మా బావ మళ్లీ ఫోన్ చేశాడు. ఇప్పుడు 'హో' లేదు కానీ వెనక పైన ఉన్న పవర్ సప్లైలోంచి సన్నగా గర్రుమంటోందట. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దన్నా. ప్లగ్గు పీకినా దాని లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, షాక్ గట్టిగా కొడుతుంది. అక్కడ ఫ్యాన్ పోతే ఎస్ఎంపీఎస్ మొత్తం మార్చడమే.

వెనక ఫ్యాన్ కూడా అరిగింది కాబట్టి రెండూ కలిపి తేవడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వస్తానన్నాడు. పాత ఫ్యాన్ వెంట తెచ్చుకొమ్మన్నా. తేవడం కుదరకపోతే స్కేలుతో స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలుచుకుని రావాలి. 105 ఎంఎం ఉంటే అది 120 ఫ్యాన్, 82.5 ఉంటే 92 ఫ్యాన్, 71.5 ఉంటే 80 ఫ్యాన్.