దుబాయ్ హోటళ్లు కళకళ.. మరి మీ జీతం?

‘దుబాయ్‌లో టూరిజం జోరు, హోటల్ ఉద్యోగాలు, వెంటనే చేరండి’.. ఇలాంటి మెసేజ్‌లు మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటాయి. జోరు నిజమే. 2023లో అక్కడికి కోటీ 71 లక్షల మంది విదేశీ సందర్శకులు వస్తే, 2024లో కోటీ 87 లక్షల మంది వచ్చారు. అంటే 9 శాతం ఎక్కువ. కానీ ఈ ఒక్క అంకె చూసి ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టేయకండి. హోటల్ పరిస్థితి తెలియాలంటే ఇంకో మూడు అంకెలు చూడాలి.

మూడు అంకెల కథ

మొదటిది ఆక్యుపెన్సీ.. వంద గదుల్లో ఎన్ని నిండాయన్నది. రెండోది నిండిన గదికి వచ్చిన సగటు అద్దె. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది రెవ్‌పార్, అంటే ఖాళీ గదులతో కలిపి ఒక్కో గదిపై రాబడి.

దుబాయ్‌లో 2023లో ఆక్యుపెన్సీ 77.4 శాతం, సగటు అద్దె 536 దిర్హమ్‌లు, రెవ్‌పార్ 415. 2024లో అవే 78.2 శాతం, 538, 421. గమనించారా? సందర్శకులు 9 శాతం పెరిగినా గదిపై రాబడి పెరిగింది ఒకటిన్నర శాతమే. కొత్త హోటళ్లు వస్తూనే ఉన్నాయి, మొత్తం గదులు లక్షా 54 వేలకు చేరాయి. పైగా వచ్చినవాళ్లంతా హోటల్లోనే దిగరు.

ఇది మీకెందుకంటే.. వంద గదుల హోటల్ ఒకటి 300 చొప్పున 90 గదులు నింపిందనుకోండి, రాబడి 27,000. ఇంకోటి 450 చొప్పున 70 గదులే నింపినా 31,500 వస్తాయి. మొదటి హోటల్లో రోజూ 20 గదులు ఎక్కువ శుభ్రం చేయాలి, జీతం పెంచే స్తోమత మాత్రం రెండోదానికే ఎక్కువ.

ఏడాది సగటు మోసం

ఎడారి నగరాల్లో నెలనెలకీ లెక్క మారుతుంది. దుబాయ్‌లో నవంబరు నుంచి మార్చి దాకా సీజన్. జూన్-ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అద్దెలు దిగుతాయి. అమెరికాలోని లాస్ వేగాస్‌లోనైతే తేడా వారంలోనే కనిపిస్తుంది. వారాంతాల్లో కిటకిట, మిగతా రోజుల్లో సీఈఎస్ లాంటి ప్రదర్శనలు గదులు నింపాలి. అందుకే టిప్పులు, సర్వీస్ ఛార్జీ వాటా కలిపి చెప్పే జీతాన్ని పన్నెండు నెలలకీ ఒకేలా లెక్కేసుకోవద్దు.

ఇంజినీర్లకూ చోటుంది

రేపటి గది అద్దె ఎంత పెట్టాలో తేల్చేది రెవెన్యూ మేనేజ్‌మెంట్ విభాగం. బుకింగ్‌ల డేటా చూసి రోజూ ధర మార్చడమే వీళ్ల పని. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ వచ్చి, ఒరాకిల్ ఒపెరా లాంటి హోటల్ సాఫ్ట్‌వేర్‌పై అవగాహన ఉంటే బీటెక్ వాళ్లూ ప్రయత్నించొచ్చు. రెవ్‌పార్ అంటే ఏంటో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఓ మెట్టు ముందున్నట్టే.

సంతకానికి ముందు

ఆఫర్ లెటర్‌లో బేసిక్ ఎంతో విడిగా చూడండి. యూఏఈలో గ్రాట్యుటీని బేసిక్‌పైనే లెక్కిస్తారు. ఏడాది సర్వీసు పూర్తయ్యాక, తొలి అయిదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున వస్తుంది. అలవెన్సులతో ఉబ్బించిన జీతం అక్కడే తేలిపోతుంది. ఏజెంటు పేరు కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోండి. సర్వీసు ఫీజు రూ.30 వేలు, దానిపై జీఎస్టీ.. అంతకు మించి అడిగితే అది చట్టవిరుద్ధం. నిండిన హోటల్ ఫొటో ఎవరైనా పంపుతారు, మీరు అడగాల్సింది అంకెలు.