కార్నిష్ దాటి కాస్త ముందుకు

షరఫియాలో ఉండే మన కుటుంబాల్లో ఎవరిని అడిగినా "సముద్రం చూశాం" అనే అంటారు. నిజమే. సెలవు రోజు సాయంత్రం కార్నిష్ మీద చాప పరచుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిని, కింగ్ ఫహద్ ఫౌంటెన్ ముందు ఫొటో దిగి ఇల్లు చేరతాం. అదే సముద్రం అడుగున ఏముందో చూడాలనిపిస్తే మాత్రం డబ్బు కూడబెట్టుకుని మాల్దీవులకో థాయిలాండ్‌కో టిక్కెట్లు కొంటాం!

మాల్దీవులకు వెళ్ళొద్దని మేము అనడం లేదు. కానీ ప్రపంచంలోని గొప్ప పగడపు దిబ్బల్లో కొన్ని మన జెడ్డా ఒడ్డునే ఉన్నాయి. ఎర్ర సముద్రంలో వెయ్యికి పైగా చేపజాతులున్నాయి, వాటిలో కొన్ని ఇంకెక్కడా కనిపించవు. నగరానికి ఉత్తరాన ఒభూర్ నుంచి బయాదా వైపు పడవలు వెళతాయి. మన పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇదేమీ చూడకుండానే కాలేజీకి ఇండియా వెళ్ళిపోతే అది ఎవరి నష్టం?

పోయిన ఫిబ్రవరిలో మేము ఐదు కుటుంబాలం కలిసి వెళ్ళాం. లైఫ్ జాకెట్లు వేసుకుని, మాస్కు, స్నార్కెల్ గొట్టం పెట్టుకుని పిల్లలు తలలు నీటిలో ముంచారు. నోట్లో గొట్టం ఉన్నా వాళ్ళ కేకలు పడవ దాకా వినిపించాయి! చిలుక చేప పగడాన్ని కొరుకుతుంటే ఆ పటపట చప్పుడు నీళ్ళలో స్పష్టంగా తెలుస్తుంది. అది కొరికి మింగినదంతా తెల్లని ఇసుకగా బయటికి వస్తుందని చెప్పగానే, తాము నిలబడ్డ ఇసుక వైపు పిల్లలు అనుమానంగా చూశారు. "నీమో! నీమో!" అని ఒక చిన్నారి అరిచింది. 2003లో వచ్చిన ఆ సినిమాలో చేపకి మూడు తెల్ల చారలు. ఎర్ర సముద్రంలోని దాని చుట్టానికి రెండే. ఆ తేడా కనిపెట్టింది కూడా పిల్లలే.

తిరిగి వస్తూ ఒకబ్బాయి, "కోరల్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. పగడం! అమ్మమ్మల మెడలో దండగా చూసిన పగడమే. నగల్లోని ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చిన వేరే జాతి, అంతే తేడా. మనకి దగ్గర్లోనే ఉన్న అల్ బలద్ పాత ఇళ్ళు కూడా ఈ సముద్రపు పగడపు రాయితో కట్టినవే. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. మరి మన కాకినాడలో, మచిలీపట్నంలో ఇలాంటి దిబ్బలు ఎందుకు లేవు? పగడాన్ని కట్టే చిన్న చిన్న జీవుల ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. అది ఎండతో ఆహారం తయారుచేసి ఆ జీవిని పోషిస్తుంది. అందుకే తేట నీరు కావాలి. గోదావరి, కృష్ణ వండ్రు మట్టి తెచ్చి మన తీరానికి పొలాలనిచ్చాయి. ఎర్ర సముద్రంలో కలిసే పెద్ద నది ఒక్కటీ లేదు కాబట్టి ఇక్కడ పగడాలు పెరిగాయి. (కంప్యూటర్ ముందు బతికే మాబోటి ఇంజనీర్లు ఇవన్నీ ముందు రోజు రాత్రి కూర్చుని చదివి వెళ్ళాల్సి వచ్చింది!)

నీరు మరీ వేడెక్కితే ఆ నాచు వెళ్ళిపోయి పగడం తెల్లగా పాలిపోతుంది. 2015లో జెడ్డాకు ఉత్తరాన ఉన్న తువల్ దగ్గర అలాగే జరిగింది. కనుక "పెద్దయ్యాక చూస్తారులే" అనే మాట మాకు నచ్చదు.

ఇంకొక మాట కాస్త గట్టిగానే చెబుతాం. మన ఇళ్ళలో అబ్బాయిని ఈతకి పంపుతాం. అమ్మాయి విషయంలో మాత్రం "వచ్చే ఏడాది చూద్దాం" అంటాం. ఆ వచ్చే ఏడాది రాదు. ఆ రోజు పడవలో గట్టు మీద కూర్చున్నట్టు కూర్చుండిపోయింది తల్లులూ, పదేళ్ళు దాటిన అమ్మాయిలే. భయం ఉండటం తప్పు కాదు. నేర్పకుండా భయపడమనడం తప్పు. ఆడవాళ్ళు నేర్పే చోట్లు వెతికితే దొరుకుతాయి.

పగడం మీద కాలు పెట్టకూడదు. అది విరుగుతుంది. రాయిలా కనిపించే విషపు చేపలూ అక్కడే ఉంటాయి. షోకేసులో పెట్టుకోవడానికి ముక్కలు ఏరి సూట్‌కేసులో వేసుకోవద్దు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దిబ్బలు కట్టే పగడాలకు రక్షణ ఉంది.

వచ్చే జనవరిలో ఒక శనివారం తరగతిని ఒభూర్‌లోనే జరపాలని మా కోరిక. పేరు ఇచ్చేటప్పుడు ఈత వచ్చో రాదో కూడా రాయండి. అమ్మాయిల పేర్లు, అమ్మల పేర్లు కూడా.