రెండున్నర గంటల గడువు

రాయ్‌పూర్‌కు సముద్రం లేదు. అందుకే సెలవులొస్తే అక్కడి కుటుంబాలు విశాఖకో పూరీకో రైలెక్కుతాయి. ఆ నగరంలో స్థిరపడిన తెలుగువారికైతే విశాఖ సగం సొంతూరే. కెరటాల తీరు జాలరికి కొంతైనా తెలుసు. ఇసుకలో పిల్లల్ని ఆడించడానికి వచ్చినవారికి తెలియదు. సునామీ మాత్రం ఇద్దరినీ ఒకేలా చూస్తుంది.

2004 డిసెంబర్ 26 ఆదివారం ఉదయం 6.29 గంటలకు సుమత్రా దీవికి పశ్చిమాన సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఒక భూఫలకం మరోదాని కిందికి చొచ్చుకుపోయే చోట సుమారు 1,300 కి.మీ. పొడవునా నేల చీలింది. ఏళ్ల తరబడి ఒత్తిడికి వంగిన పై ఫలకం ఒక్కసారిగా పైకి తన్నింది. దాని మీదున్న నీరంతా అడుగు నుంచి కదిలింది. గాలికి లేచే అల పైపైన పాకుతుంది. సునామీ మొత్తం సముద్రాన్నే కదిలిస్తుంది.

దాని వేగాన్ని నిర్ణయించేది లోతు. నాలుగు కిలోమీటర్ల లోతున గంటకు 700 కి.మీ. పరుగు తీస్తుంది. ఎత్తు మాత్రం తక్కువ. భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం హిందూ మహాసముద్రంపై కొలిచింది సుమారు 60 సెంటీమీటర్లే. నడిసంద్రంలోని పడవకు తెలియకుండానే అల దాటిపోతుంది. తీరం చేరువై లోతు తగ్గేకొద్దీ ముందునీరు నెమ్మదిస్తుంది, వెనకనీరు ముంచుకొస్తుంది, అల లేస్తుంది.

ఆంధ్ర తీరాన్ని అది తాకేసరికి సుమారు తొమ్మిది గంటలు. అంటే రెండున్నర గంటల గడువుంది. హెచ్చరికే లేదు. మృతుల్లో మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకు వెళ్లినవారూ ఉన్నారు. రాష్ట్రంలో వందమందికి పైగా, దేశంలో పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆ లోటు తీర్చడానికి 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ప్రతి పెద్ద భూకంపమూ సునామీ కాదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్దే 8.6 తీవ్రతతో భూమి కంపించినా, ఫలకాలు పక్కలకు జరగడంతో పెద్ద అల పుట్టలేదు. అందుకే సముద్రం అడుగున పీడనాన్ని, రేవుల్లో నీటిమట్టాన్ని కొలిచే పరికరాలపై ఈ కేంద్రం ఆధారపడుతుంది.

తీరగ్రామాలూ నేర్చుకుంటున్నాయి. 2020లో ఒడిశాలోని వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలను 'సునామీకి సిద్ధం'గా యునెస్కో గుర్తించింది. కానీ రెండు రోజులకు వచ్చిన పర్యాటకుడికి ఈ కసరత్తులు ఎవరు చేయిస్తారు? తీరంలో నేల చాలాసేపు కంపించినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినా చూస్తూ నిలబడకూడదు, మెట్టకు పరుగెత్తాలి. మొదటి అలే పెద్దదని నమ్మి వెనక్కి రాకూడదు. ఈ నాలుగు ముక్కలూ విశాఖ బడిలో ఎంత అవసరమో, రాయ్‌పూర్ బడిలోనూ అంతే అవసరం.