మెదడు పరిమాణమును బట్టి చికిత్సాఫలమును చెప్పవచ్చునా?

డిప్రెషన్ అనెడి విషాదవ్యాధి గాని, ఉద్రేకమును విషాదమును మార్చి మార్చి తెచ్చు బైపోలార్ వ్యాధి గాని ఉపశమించి, రోగికి నిద్ర కుదిరి, ఆకలి పుట్టి, నలుగురితో మాటలాడ మనసు కలిగిన పిమ్మట, ఇంటివారు గండము గడచినదని ఊపిరి పీల్చుకొందురు. గాని ఆ మనుష్యుడు తిరిగి కొలువులో ప్రవేశించిన నాడు, నిన్న విన్న సంగతి నేడు జ్ఞప్తికి రాక, నాలుగు పనులను ఒక వరుసలో పెట్టుకొనజాలక, చదివిన పుటనే మరల మరల చదువుచు, తన బుద్ధి తనకు వశము కాకున్నదని లోలోపల కుమిలిపోవును. మనస్సు తేరుకొనినను గ్రహణ ధారణ శక్తులు తేరుకొనకపోవుట ఈ వ్యాధులలో అరుదైన విషయము కాదు. కోలుకొనిన రోగులు ఉద్యోగములు నిలుపుకొనలేకపోవుటకు గల ప్రధాన హేతువులలో ఇది యొకటి.

అయినను, ఈ లోపమునే లక్ష్యముగా గొన్న చికిత్సలు ఇటీవలి కాలముననే రూపుదాల్చినవి. బైపోలార్ రోగులు 239 మందితో స్పెయిన్ దేశ వైద్యులు జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనలో, 21 వారముల శిక్షణ వలన వారి దైనందిన వ్యవహార సామర్థ్యము మెరుగుపడినది. వోర్టియాక్సెటిన్ అను ఔషధము విషాదరోగుల ఆలోచనా వేగముపై చూపిన ప్రభావమును మందు వివరపత్రములో చేర్చుటకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతించినది. అయితే ఏ చికిత్సయైనను అందరికి సమానముగా పనిచేయదు. కొందరు బాగుగా కోలుకొందురు, కొందరిలో మార్పే కానరాదు. కావున ఎవరికి మేలు కలుగునో చికిత్సకు ముందే, మెదడు నిర్మాణమును ఎమ్.ఆర్.ఐ. యంత్రముతో కొలిచి చెప్పవచ్చునా యను ప్రశ్న సహజముగనే పుట్టినది.

ఈ ప్రశ్నకు కేంద్రమైన అంగము హిప్పోక్యాంపస్. చెవులకు లోపలి వైపున, మెదడు అడుగు భాగమున, ఇరుప్రక్కల నొక్కొక్కటిగా నుండి, క్రొత్త జ్ఞాపకములు నిలుచుటకు ఆధారమైన ఈ చిన్న అంగము, పలుమార్లు విషాదవ్యాధికి లోనైన వారిలో కృశించియుండునని 1996లో ఇవెట్ షెలైన్ బృందము ప్రకటించినది. ఇరువది యేండ్ల పిమ్మట ఎనిగ్మా అను అంతర్జాతీయ పరిశోధక కూటమి 1,728 మంది రోగులను, 7,199 మంది ఆరోగ్యవంతులను పోల్చి, ఆ భేదము యథార్థమే గాని సగటున 1.24 శాతము మాత్రమేయని తేల్చినది. హిప్పోక్యాంపస్ ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు ఘన సెంటీమీటర్లకు మించదు గనుక, ఆ భేదము సుమారు 40 ఘన మిల్లీమీటర్లని లెక్కింపవచ్చును. వేలమంది సగటులో స్పష్టముగా కనబడు ఈ స్వల్పాంతరము ఒక్క రోగి పటములో ఏపాటి నిర్ణయమునకు ఆధారమగునో పాఠకులే యోచింపగలరు.

అట్లని నిర్మాణము నిష్ప్రయోజనమనరాదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో కమిల్లా మిస్కోవియాక్ బృందము జరిపిన ప్రయోగము ఇందుకు మేలైన నిదర్శనము. ఎరిత్రోపోయిటిన్ అనునది మూత్రపిండములనుండి వెలువడి ఎఱ్ఱరక్తకణములను వృద్ధిచేయు హార్మోను. కిడ్నీరోగుల రక్తహీనతకు వైద్యులు వాడునది. అది నాడీకణములకును మేలుచేయునని జంతువులపై జరిగిన ప్రయోగములు సూచింపగా, ఈ బృందము 84 మంది మనోవ్యాధిగ్రస్తులను రెండు వర్గములుగా విభజించి, ఎవరికేది ఇచ్చుచున్నదియు రోగికి గాని పరీక్షకునికి గాని తెలియనీయక, వారమునకొకమారు చొప్పున 8 వారములు ఒక వర్గమునకు ఈ హార్మోనును, రెండవ వర్గమునకు వట్టి ఉప్పునీటి సెలైనును ఎక్కించినది. ధారణను కొలుచుటకు వాడిన సాధనము మిక్కిలి సామాన్యమైనది: పరస్పర సంబంధము లేని 15 పదములను పరీక్షకుడు చదివి వినిపించును, రోగి జ్ఞాపకమున్నన్ని అప్పగించును, ఇట్లు అయిదు పర్యాయములు జరిగిన పిమ్మట వేరొక జాబితాతో మనస్సును మరలించి, మొదటి పదములను అప్పుడొకసారి, అరగంట గడచిన వెనుక మరొకసారి అడుగుదురు. పదునాల్గవ వారమున చూడగా హార్మోను పొందిన వారి ధారణ మెరుగుపడియుండుటయే గాక, ఎడమ హిప్పోక్యాంపస్‌లోని కొన్ని భాగముల క్షీణత మరలినట్లు కనబడినది. ఆ భాగముల వృద్ధికిని ధారణాభివృద్ధికిని గల సంబంధము, మనోస్థితిలోని మార్పుతో నిమిత్తము లేకుండ, నిలిచినది. 2015లో ప్రకటితమైన ఈ ఫలితము, నిర్మాణమును బుద్ధిబలమును ఏకకాలమున కొలిచి చూపుట చేత గణనీయమైనది. అయితే సంపూర్ణ సమాచారము 69 మందిదే యనుటయు, రక్తము చిక్కబడి గడ్డకట్టు ప్రమాదముండుటచే ఈ హార్మోనును యథేచ్ఛగా వాడరాదనుటయు మరువరాదు.

చికిత్స వెంట మెదడు మారుట యొకటి. చికిత్సకు పూర్వమే మెదడును చూచి ఫలము చెప్పుట వేరొకటి. ఈ రెండవ విషయమున పరస్పర విరుద్ధములైన రెండు ఊహలు గలవు. సారము తగ్గిన చేనికే ఎరువు వేసిన ఫలము ప్రస్ఫుటముగా కనబడునట్లు, కృశించిన మెదడునకే చికిత్స వలన ఎక్కువ మేలు కలుగునని యొక పక్షము; మూలధాతువు మిగిలియున్న చోటనే చికిత్స అల్లుకొనగలదని మరియొక పక్షము. హిప్పోక్యాంపస్ వెనుక భాగము పెద్దదిగా నున్న విషాదరోగులే చికిత్సతో త్వరగా కోలుకొనిరని మెక్వీన్ బృందము 2008లో చెప్పిన మాట రెండవ పక్షమునకు బలమిచ్చును. గాని అది విషాదము తొలగుటను గూర్చిన మాటయే తప్ప ధారణను గూర్చినది కాదు. ఇంతేకాక, ఏ చికిత్స చేసినను, చేయకున్నను బాగుపడు వారిని సూచించు లక్షణము వేరు, ఫలానా చికిత్సతోనే బాగుపడు వారిని గుర్తించు లక్షణము వేరు. 2013లో హెలెన్ మేబెర్గ్ బృందము, మెదడు కుడి ప్రక్కనున్న ఇన్సులా భాగమున శక్తివినియోగము తక్కువగా నున్నవారికి మాటల చికిత్సయు, ఎక్కువగా నున్నవారికి ఎస్సిటలోప్రామ్ మాత్రలును ఫలించెనని చూపినది. అది నిర్మాణమును గాక క్రియను కొలిచినదైనను, రెండు చికిత్సలను ప్రక్కప్రక్కన నిలిపి అడుగుటయే ప్రశ్నను అడుగవలసిన తీరని నేర్పినది.

ఒక్క వ్యక్తి విషయమున పటములకు గల పరిమితిని 2022లో వెలువడిన రెండు అధ్యయనములు చాటినవి. 861 మంది విషాదరోగులను, 948 మంది ఆరోగ్యవంతులను అనేక విధములైన మెదడు కొలతలతో వేరుపరుప యత్నింపగా, ఏ యొక్క కొలతయు 56 శాతమునకు మించి సరిపోలేదు. నాణెమెగురవేసినను 50 శాతము దక్కును. మెదడు కొలతలకును ప్రవర్తనకును గల సంబంధములు నమ్మదగినవి కావలెనన్న వేలమంది కావలెనని నేచర్ పత్రికలో మరియొక బృందము నిరూపించినది. మనకు మరియొక చిక్కు కలదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వందమంది భారతీయుల మెదళ్లనుండి 2019లో సిద్ధపరచిన పటము, పాశ్చాత్యుల మెదడుకంటె మన మెదడు సగటున ఎత్తు వెడల్పులలోను, పరిమాణములోను చిన్నదని తెలిపినది. పరాయి కొలబద్దతో చూచినచో ఆరోగ్యవంతుడును క్షీణించినవానివలె కనబడు ప్రమాదము లేకపోలేదు.

ఇక కోపెన్‌హేగన్ బృందమే తన ప్రయోగములను 2016లో పునర్విశ్లేషింపగా, పూర్వపరీక్షలో ధారణాలోపము నిజముగా బయటపడిన వారికే హార్మోను వలన ధారణ మెరుగుపడు అవకాశము మిక్కిలి హెచ్చుగా నుండెనని తేలినది. మరపు వచ్చినదని రోగి చెప్పుకొనుటకును, పరీక్షలో తేలుటకును పొంతన తరచుగా కుదరదు. కనుకనే పరీక్షలో లోపము తేలిన వారినే ఇట్టి ప్రయోగములకు ఎన్నుకొనవలెనని అంతర్జాతీయ బైపోలార్ వ్యాధుల సంఘపు నిపుణులు హితవు చెప్పిరి.

కావున చేయదగినదేమి? మెదడు పటములను పరిశోధనకై విరివిగా తీయవలసినదే. చికిత్స పొందిన వర్గమునకును పొందని వర్గమునకును ముందు వెనుకల తీసి, అనేక దేశముల సమాచారమును ఒక్కచోట చేర్చి పోల్చవలసినదే. గాని హిప్పోక్యాంపస్ చిన్నదైనదను కారణముచే ఏ రోగికిని శిక్షణను గాని ఔషధమును గాని నిరాకరించుటకు నేటి శాస్త్రమున ఆధారము లేదు. మరి నేడే, ప్రతి మానసిక వైద్యశాలలోను, కోలుకొనుచున్న ప్రతి రోగికిని, అతని మాతృభాషలోనే కూర్చిన పదముల జాబితాతో గంటలోపల ముగియు పరీక్ష జరిపి, లోపమున్నచో దానిని వ్యాధిలో భాగముగా నమోదుచేసి, కుటుంబమునకును యజమానికిని అది సోమరితనము కాదని వివరించుటకు ఖరీదైన యంత్రమేదియు అక్కరలేదు. ఆ పరీక్ష నిత్యాచారమైన పిమ్మటనే మెదడు పటము దానికంటె అదనముగా ఏమి చెప్పగలదో తూచిచూచుటకు వీలగును. ఆ అదనము నిరూపితమగువరకు పటము పరిశోధకునికి సాధనముగా నుండవలెను గాని రోగి భవిష్యత్తుపై తీర్పు కారాదు.