తప్పు బిందెది కాదు

మా శింగనమలలో వేసవి వచ్చిందంటే ఆడవాళ్ళ మాటలన్నీ నీళ్ళ చుట్టూనే తిరుగుతాయి. ఒకనాటి సాయంకాలం పక్కింటావిడ మాత్రం కోడలి సంగతి ఎత్తింది.

“రెండు తూర్లు కడుపు పోయిందక్కా! రెండూ ఐదో నెల్లోనే. బిందెలు మోయొద్దంటే వింటేనా?”

కోడలు తలుపు వెనక తల వంచుకుని నిలబడి ఉంది. దగ్గరకు పిలిచి, “నొప్పులు వచ్చినాయా అమ్మా?” అని అడిగాను.

“లేదత్తా. కింద బరువుగా అనిపించె, అంతే. ఆస్పత్రికి పోయేలోగా అయిపాయ.”

ఆ “లేదు” అన్న మాటే ముఖ్యం. నెలలు నిండేవరకు గర్భసంచి మూతి గట్టిగా మూసుకుని ఉండాలి. కొందరికి అది బలహీనంగా ఉండి, నాలుగైదు నెలలు వచ్చేసరికి నొప్పి తెలియకుండానే తెరుచుకుంటుంది. వెనుకటి కాన్పులో చిరగడం, ఆ భాగానికి జరిగిన ఆపరేషన్, పుట్టుకతో ఉన్న లోపం ఇందుకు కారణాలు కావచ్చు. చాలామందిలో ఏ కారణమూ కనిపించదు. ఇది బిందె మోసినందువల్ల వచ్చిందీ కాదు, దిష్టి తగిలి వచ్చిందీ కాదు. అలాగని మధ్య నెలల్లో పోయిన ప్రతి గర్భానికీ ఇదే కారణమనుకోరాదు. అందుకే పరీక్ష కావాలి.

ఇలా తెరుచుకోకుండా మూతికి కుట్టువేసే పద్ధతిని 1955లో ప్రకటించినవారు మన బొంబాయి డాక్టరు వి. ఎన్. శిరోద్కర్. 1957లో మెల్బోర్న్ డాక్టరు ఇయాన్ మెక్‌డొనాల్డ్ ఇంకొంచెం సులువైన కుట్టు చూపించారు. ఆ కుట్లను ఈనాటికీ వారి పేర్లతోనే పిలుస్తారు.

మీ ఇంట్లో ఇలా జరిగి ఉంటే, మళ్ళీ నెల తప్పగానే డాక్టరుకు అన్నీ చెప్పండి: ఎన్నో నెలలో పోయింది, నొప్పి ముందా, నీరు పోవడం ముందా అన్నది దాచవద్దు. పలుమార్లు ఇలా పోయినవారికి 12–14 వారాలకే కుట్టు వేయవచ్చు. ఒకసారి పోయినవారికి లోపలినుంచి స్కానింగు చేసి, 24 వారాలలోపు మూతి పొడవు 25 మిల్లీమీటర్లకు తగ్గితే కుట్టు సంగతి ఆలోచిస్తారు. కొందరికి ప్రొజెస్టరాన్ మందు ఇస్తారు. 36–37 వారాలకు కుట్టు విప్పుతారు. ఈలోగా జ్వరం, రక్తం, నీరు పోవడం, నొప్పులు, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికి వెళ్ళాలి. నెలల తరబడి మంచం దిగనివ్వకపోతే మేలని మాత్రం రుజువు కాలేదు.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో నాలుగో నెల మొదలు గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తున్నారు. ఇలాంటి కష్టం ఎరిగినవారు అంతవరకూ కూడా ఆగవద్దు.

ఆ అమ్మాయికి మూడో నెల దాటగానే అనంతపురంలో కుట్టు వేశారు. కుట్టు వేసినంత మాత్రాన పూర్తి భరోసా లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇప్పుడు ఏడో నెల. అందరం రోజులు లెక్కపెట్టుకుంటున్నాం.

బిందె ఇప్పుడు అత్తగారి చంకకెక్కింది. మొన్న కుళాయి దగ్గర ఎవరో పాత మాట తీస్తే, “దాని తప్పేమీ లేదు, ఊరుకోండి!” అని ఆవిడే కసిరిందట.