ఎగ్మోరులో అమరావతి

మదమెక్కిన నాలగిరి ఏనుగు రాజగృహం వీధిలో పడింది. తొండానికి చిక్కిన మనిషి వేలాడుతున్నాడు, మేడల కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. అదే వలయంలో కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒక్క గుండ్రటి రాతిలో భయమూ శాంతీ పక్కపక్కనే చెక్కిన ఆ శిల్పి మనవాడు, రాయి పల్నాటి సున్నపురాయి. అమరావతి బౌద్ధ స్తూపానికి చెందిన ఆ శిల్పం ఇవాళ ఉన్నది చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలో.

1851లో మొదలైన ఈ మ్యూజియం దేశంలోని అతి పాతవాటిలో ఒకటి. కన్నెమరా గ్రంథాలయం కూడా ఈ పాంథియన్ ఆవరణలోనే ఉంది. తిరువాలంగాడు నటరాజు, తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు కొలువైన కంచు విగ్రహాల విభాగం జగత్ప్రసిద్ధం. ఆ కీర్తి వెలుగులో అమరావతి శిల్పాల గది మరుగున పడకూడదు.

అమరావతి స్తూపం రాళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కడుతున్నప్పుడు స్తూపం రాళ్లు కట్టడాలకు తరలాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన పలకలు 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి, నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తరువాత సూయెల్, బర్జెస్ తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా భాగం మద్రాసులో మిగిలింది. వాటిలోనూ కొన్నింటిని గోడల్లో పెట్టి సిమెంటు పూశారు. తేమకు ఊరే ఉప్పు సున్నపురాతిని పొరలు పొరలుగా తినేస్తుంది. ఇది మంచి చేయబోయి చేసిన కీడు.

అమరావతి ఉన్న గుంటూరు ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి రాళ్లు అక్కడికి చేరడంలో వింత లేదు. వాటిని వెనక్కి తెమ్మన్న మాట తరచూ వినిపిస్తుంది. మా దృష్టిలో అంతకన్నా ముందు జరగవలసిన పని వేరే ఉంది. ప్రతి పలక కిందా దాని కథ తెలుగులో రాసి ఉండాలి. స్తూపం మీద అది ఏ చోట నిలిచేదో బొమ్మ గీసి చూపాలి. 1942లో కళాచరిత్రకారుడు శివరామమూర్తి ఈ శిల్పాల మీద ఇంగ్లీషులో రాసిన గ్రంథం పండితులకు నేటికీ ఆధారం. అంతటి వివరణ పల్నాడు బడిపిల్లల చేతికి వాళ్ల భాషలో అందాలి. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కలిసి కూర్చుంటే ఇది పెద్ద ఖర్చూ కాదు, పెద్ద తగవూ కాదు.

ఈలోగా చెన్నై వెళ్లే పాఠకులు ఒక పూట ఈ గదికి కేటాయించండి, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.